ట్రాక్టర్ బ్యాక్‌హోకు విడి ఇంజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

విడి ఇంజన్ అంటే బ్యాక్‌హో ఆయిల్ పంపును ట్రాక్టర్ ఇంజన్‌తో కాకుండా వేరేగా తిప్పడానికి పెట్టే ఇంకో ఇంజన్. ఇక్కడి లెక్కలు 40–50 హెచ్‌పీ ట్రాక్టర్ వెనక బిగించే ఆరు లివర్ల బ్యాక్‌హోకు (మట్టి తవ్వే బకెట్ చెయ్యికి) వేసినవి. మహీంద్రా 575, స్వరాజ్ 744 తరగతి బండ్లన్నీ ఇందులోకే వస్తాయి. మీ సామాను సైజు వేరైతే అంకెలు మారతాయి గానీ లెక్క వేసే పద్ధతి మారదు.

అసలు విడి ఇంజన్ ఎవరికి అవసరం?

చాలామందికి అవసరం లేదు. పీటీఓ (వెనక తగిలించిన యంత్రాలను తిప్పే షాఫ్టు) బాగున్న ట్రాక్టర్ ఉంటే, వేగం పెంచే గేర్ బాక్సుతో పీటీఓ పంపు పెట్టుకోవడమే చౌక, తేలిక. నిమిషానికి 540 చుట్ల పీటీఓ వేగాన్ని ఒకటికి మూడింతలు చేస్తే పంపు 1620 మీద తిరుగుతుంది. అప్పుడు 26 సీసీ (ఒక్క చుట్టుకు ఇచ్చే ఆయిల్) పంపుతోనే నిమిషానికి 39 లీటర్ల ఆయిల్ వస్తుంది. పని చక్కగా నడుస్తుంది.

విడి ఇంజన్ పెట్టడంలో అర్థం ఉన్న సందర్భాలు కొన్నే. పీటీఓ గేర్లో క్లచ్చో అరిగి, దాన్ని బాగుచేయించే ఖర్చు ఎక్కువైన పాత బండి. బ్యాక్‌హోను చక్రాల ఫ్రేము మీద కట్టి ఏ ట్రాక్టర్‌తోనైనా, చివరికి ఇంట్లో ఉన్న చిన్న బండితోనైనా లాక్కెళ్లాలనుకునేవారు. పంట కాలవ గట్ల మీద రోజంతా ఒకేచోట పూడిక తీస్తూ, పెద్ద ఇంజన్‌ను ఊరికే తిప్పి గంటలు పెంచడం ఇష్టంలేనివారు. వీళ్లకు తప్ప మిగతావాళ్లకు మా సలహా పీటీఓ పంపే.

ట్రాక్టర్ లిఫ్ట్ ఆయిల్‌తోనే బ్యాక్‌హో నడపకూడదా?

నడుస్తుంది, కానీ నత్తనడకే. ఈ తరగతి ట్రాక్టర్లలో చాలావాటికి లిఫ్ట్ పంపు నిమిషానికి 20–30 లీటర్లకు మించి ఇవ్వదు. మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది, చూసుకోండి. పాత మాస్సీ ఫెర్గూసన్ బండ్లలోనైతే లిఫ్ట్ పంపు గేర్ బాక్సు ఆయిల్లోనే మునిగి పీటీఓ షాఫ్ట్ మీద తిరుగుతుంది, దాని ధార ఇంకా తక్కువ.

అంతకన్నా పెద్ద ఇబ్బంది వేడి. లిఫ్ట్‌కు వాడేది చాలా బండ్లలో గేర్ బాక్సు ఆయిలే. నాగలి ఎత్తి దించడానికి పంపు అప్పుడప్పుడు కష్టపడితే చాలు, బ్యాక్‌హోకు మాత్రం ఎడతెరిపి లేకుండా కష్టపడాలి. మధ్యాహ్నానికి ఆయిల్ పలచబడిపోతుంది, ఆ పలచబడ్డ ఆయిలే గేర్లను, బేరింగులను కాపాడాలి. పైగా బ్యాక్‌హో సిలిండర్ రాడ్ల మీది దుమ్ము సీళ్లను దాటి లోపలికి వస్తే నేరుగా గేర్ బాక్సులోకి చేరుతుంది.

ఎంత హెచ్‌పీ ఇంజన్ కావాలి?

ఇంజన్‌తో మొదలుపెట్టకండి, పంపుతో మొదలుపెట్టండి. బలం, వేగం రెండూ వేరని ముందు గుర్తుంచుకోవాలి. బకెట్ ఎంత గట్టిగా లాగుతుందో చెప్పేది ప్రెజర్. ఎంత త్వరగా కదులుతుందో చెప్పేది నిమిషానికి వచ్చే లీటర్లు. 80 మి.మీ. బోరు సిలిండర్ 150 బార్ (బార్ అంటే ప్రెజర్ కొలత) దగ్గర సుమారు 7.7 టన్నుల తోపు ఇస్తుంది, పంపు 14 సీసీదైనా 28 సీసీదైనా సరే. పంపు పెంచితే వేగమే పెరుగుతుంది.

గేర్ పంపుకు ఎంత శక్తి కావాలో ఈ లెక్క చెబుతుంది:

హెచ్‌పీ = పంపు సీసీ × నిమిషానికి చుట్లు × బార్ ÷ 4,00,000

పంపు లోపలి రాపిడిలో పోయే పదో వంతు కూడా ఇందులో కలిసే ఉంది. వచ్చే ఆయిల్ తెలియాలంటే సీసీని చుట్లతో గుణించి 1000తో భాగించి, అందులో 93 శాతం తీసుకోండి.

1500 వేగం, 150 బార్ ప్రెజర్ అనుకుంటే 14 సీసీ పంపుకు 7.9 హెచ్‌పీ కావాలి. 20 లీటర్లకు కొంచెం తక్కువ వస్తుంది. 20 సీసీకి 11.3 హెచ్‌పీ, 28 లీటర్లు. 28 సీసీకి 15.8 హెచ్‌పీ, 39 లీటర్లు. ఇంజన్ మీద రాసి ఉన్న నిరంతర శక్తిలో 80 శాతం దాటకుండా పంపు ఎంచుకుంటే ఈ మూడు పంపులకు వరసగా 10, 15, 20 హెచ్‌పీ ఇంజన్లు సరిపోతాయి. మిగిలిన 20 శాతం వృథా కాదు. 43, 44 డిగ్రీల ఎండలో, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్‌తో ఏ ఇంజన్ కూడా రాసినంత శక్తి ఇవ్వదు.

ఆ లీటర్లు చేతికి ఎలా తెలుస్తాయంటే, 80 మి.మీ. బోరు, 600 మి.మీ. స్ట్రోకు ఉన్న బూమ్ (పైకి లేచే పెద్ద చెయ్యి) సిలిండర్ నిండడానికి 3 లీటర్లు పడుతుంది. 14 సీసీ పంపుతో అది పూర్తిగా లేవడానికి 9 సెకన్లు, 20 సీసీతో ఆరున్నర, 28 సీసీతో నాలుగున్నర. కొబ్బరి, మామిడి గుంతలు తీసుకునే రైతుకు 9 సెకన్లు పర్వాలేదు. అద్దెకు తిప్పేవాళ్లకు ఐదు దాటితే గిట్టదు. 70 పైచిలుకు హెచ్‌పీ ఉన్న జేసీబీ 3డీఎక్స్ వేగం 20 హెచ్‌పీతో వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

10 హెచ్‌పీ ఇంజన్ ఇంట్లోనే ఉంది. 28 సీసీ పంపు పెట్టి వేగం తగ్గించుకుని నడపొచ్చా?

వద్దు. ఇంజన్ వేగం తగ్గిస్తే శక్తి కూడా అంతే తగ్గుతుంది, పంపు అడిగే టార్క్ మాత్రం తగ్గదు. 28 సీసీ పంపును 150 బార్ దగ్గర తిప్పడానికి ఏ వేగంలోనైనా సుమారు 74 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. 1500 వేగపు 10 హెచ్‌పీ ఇంజన్ ఇచ్చేది 47. గట్టి నేల తగిలిన ప్రతిసారీ నల్ల పొగ వదిలి ఆగిపోతుంది. బెల్టు పుల్లీలతో పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే నడుస్తుంది గానీ, అప్పుడు వచ్చేవీ 14 సీసీ పంపు ఇచ్చే లీటర్లే.

ఏ రకం ఇంజన్ మంచిది? పాత కారు ఇంజన్ పెట్టొచ్చా?

మొదట చూడాల్సింది గవర్నర్. బ్యాక్‌హోలో లోడు క్షణక్షణం మారుతుంది. లివర్ లాగగానే లోడు వచ్చిపడుతుంది, వదలగానే పోతుంది. లోడు ఎంతున్నా వేగాన్ని నిలబెట్టే గవర్నర్ లేకపోతే మీరు ఒక చేత్తో ఎక్సలేటర్ పట్టుకుని కూర్చోవాలి. కిర్లోస్కర్, గ్రీవ్స్ లాంటి వ్యవసాయ, జనరేటర్ డీజిల్ ఇంజన్లకు ఇది ఉంటుంది. పాత పెట్రోల్ కార్ల ఇంజన్లకు ఉండదు. డీజిల్ కార్లలోనూ చాలావాటికి ఐడిల్‌ను, గరిష్ఠ వేగాన్ని మాత్రమే అదుపుచేసే గవర్నర్ ఉంటుంది, మధ్యలో వేగం నిలవదు. అందుకే చౌకగా దొరికినా కారు ఇంజన్ ఈ పనికి సరిపడదు.

సింగిల్ సిలిండర్ 1500 వేగపు ఇంజన్‌కు బరువైన ఫ్లైవీల్ ఉంటుంది, బకెట్‌కు రాయి తగిలినప్పటి చిన్న కుదుపులను అదే మింగేస్తుంది. దాని లోపం వణుకు. ట్రాక్టర్ మీద పెట్టడానికి రెండు సిలిండర్ల 20 హెచ్‌పీ ఇంజన్ అన్నివిధాలా మేలు. జనరేటర్ నుంచి విప్పింది దొరికితే ఇంకా మంచిది, దాని గవర్నర్ 1500 దగ్గర బిగువుగా పనిచేస్తుంది. సెల్ఫ్ స్టార్టర్ తప్పనిసరిగా పెట్టించండి. పంపు తగిలించిన ఇంజన్‌ను హ్యాండిల్‌తో తిప్పడం కష్టం, హ్యాండిల్ వెనక్కి కొడితే మణికట్టు విరుగుతుంది.

ఇంజన్‌ను ఎక్కడ బిగించాలి?

రెండు చోట్లే ఆలోచించదగ్గవి. మొదటిది ముందు బంపర్ దగ్గర. బ్యాక్‌హో బరువంతా వెనక్కి పడుతుంది కాబట్టి ముందు పెట్టిన ఇంజన్, ట్యాంకు బ్యాలెన్సు బరువుగా కూడా పనికొస్తాయి. రోడ్డు మీద వెళ్లేటప్పుడు మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలి, లేకపోతే స్టీరింగ్ తేలిపోతుంది. ఇక్కడ పెడితే పంపు, ట్యాంకు కూడా ఇంజన్ పక్కనే ఉండాలి. వెనక్కి వెళ్లాల్సినవి ప్రెజర్ పైపు, రిటర్న్ పైపు మాత్రమే. ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ అందించే సక్షన్ పైపును మూడు నాలుగు మీటర్లు లాగితే పంపు బతకదు. ట్రాక్టర్ రేడియేటర్ గాలికి అడ్డు రాకుండా చూసుకోవాలి, ముందు ఇరుసు మోయగలిగే బరువు మాన్యువల్‌లో సరిచూసుకోవాలి.

రెండోది బ్యాక్‌హో ఫ్రేము మీదే, డ్రైవర్ సీటుకూ బూమ్‌కూ మధ్య పక్కగా. పైపులు పొట్టిగా ఉంటాయి, బ్యాక్‌హోను విప్పితే ఇంజన్‌తో సహా ఒకే ముక్కగా వస్తుంది. కానీ వెనక బరువు ఇంకా పెరుగుతుంది, పొగ, చప్పుడు తవ్వే మనిషి ముఖం మీదికే వస్తాయి. సైలెన్సర్‌ను నిలువుగా తల కన్నా ఎత్తుకు తీసుకెళ్లాలి.

ఏ చోటైనా సబ్‌ఫ్రేము లేకుండా పని మొదలుపెట్టవద్దు. ట్రాక్టర్‌కు లారీలా చాసిస్ ఉండదు. ఇంజన్, క్లచ్ హౌసింగ్, గేర్ బాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, ఆ పోత ఇనుమే వెన్నెముక. మూడు పాయింట్ల లింకేజీకి మాత్రమే తగిలించిన బ్యాక్‌హోతో గట్టి మొరంలో తవ్వితే క్లచ్ హౌసింగ్ పగిలే ప్రమాదం ఉంది. టాప్ లింక్ తెగితే బ్యాక్‌హో పైకి మడుచుకుని మధ్యలో కూర్చున్న మనిషిని నొక్కేస్తుంది. వెనక ఇరుసు గొట్టాల నుంచి ముందు ఇరుసు బ్రాకెట్ దాకా రెండు పక్కలా నడిచే సబ్‌ఫ్రేము ఉంటేనే తవ్వకం బలం అందులోంచి పోతుంది.

పంపును ఇంజన్‌కు ఎలా కలపాలి?

మధ్యలో బెల్ హౌసింగ్ (పంపును ఇంజన్‌కు బిగించే తొడుగు), స్పైడర్ కప్లింగ్ (రెండు షాఫ్టులను కలిపే, మధ్యలో రబ్బరు ఉన్న జోడు) పెట్టి నేరుగా కలపడం ఉత్తమం. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ బాలానగర్‌లోనో మంచి లేత్ పనివారికి ఇంజన్ ఫ్లైవీల్ కొలతలు, పంపు ఫ్లాంజ్ కొలతలు ఇస్తే బెల్ హౌసింగ్ చేసిస్తారు. రెండు షాఫ్టులు ఒకే వరసలో ఉన్నాయో లేదో డయల్ గేజితో చూసి, తేడాను 0.15 మి.మీ. లోపుకు తీసుకురావాలి. స్పైడర్ రబ్బరు అంతకన్నా ఎక్కువ తేడానే భరిస్తుంది, కానీ పంపు సీలు భరించదు. రెండు కప్లింగ్ ముక్కల మధ్య 2–3 మి.మీ. సందు వదలండి. షాఫ్టు షాఫ్టును నొక్కితే పంపు లోపలి ప్లేట్లు గీసుకుపోతాయి.

తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఇంజన్‌ను రబ్బరు మౌంటుల మీద, పంపును విడిగా ఫ్రేము మీద బిగిస్తారు. ఇంజన్ ఊగుతుంది, పంపు ఊగదు. వారం తిరక్కుండా కప్లింగ్ పోతుంది, తర్వాత పంపు సీలు పోతుంది. పంపు ఇంజన్‌కే బిగిసి ఉండాలి, రెండూ కలిసే ఊగాలి. ఊగుడును హోస్ పైపులు సర్దుకుంటాయి.

పంపు కుడి తిరుగుడుదా, ఎడమ తిరుగుడుదా కొనాలి?

పంపును షాఫ్టు వైపు నుంచి చూస్తే ఎటు తిరగాలన్నదే లెక్క. ఎక్కువ ఇంజన్లు ఫ్లైవీల్ వైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. అలాంటి ఇంజన్ ఫ్లైవీల్‌కు ఎదురుగా పంపు బిగిస్తే, పంపు షాఫ్టు వైపు నుంచి చూసినప్పుడు గడియారం దిశలో తిరుగుతుంది. కాబట్టి కుడి తిరుగుడు పంపు కావాలి. అదే బెల్టుతో, షాఫ్టు కూడా ఫ్లైవీల్ ఉన్న వైపుకే చూసేలా పక్కన పెడితే ఎడమ తిరుగుడుది కావాలి. కొనేముందు ఇంజన్ మీది బాణం గుర్తు చూడండి. తప్పు పంపు పెడితే ప్రెజర్ సీలు వెనక్కి చేరి, స్టార్ట్ చేసిన కొన్ని క్షణాల్లోనే సీలు బయటికి తన్నేస్తుంది.

బెల్టుతో నడపొచ్చా?

నడపొచ్చు, కానీ పుల్లీని పంపు షాఫ్టు మీద నేరుగా ఎక్కించకండి. గేర్ పంపు బుష్‌లు పక్కకు లాగే బరువు కోసం చేసినవి కావు. రెండు బేరింగుల మీద విడి షాఫ్టు పెట్టి, దాని మీద పుల్లీ వేసి, ఆ షాఫ్టును కప్లింగ్‌తో పంపుకు కలపాలి. 15 హెచ్‌పీకి 6 అంగుళాల పుల్లీతో బి సెక్షన్ బెల్టులు నాలుగు పడతాయి, నాలుగూ ఒకే సెట్టువి ఉండాలి.

ట్యాంకు ఎంత ఉండాలి, ఏ ఆయిల్ పోయాలి?

నిమిషానికి 39 లీటర్ల పంపుకు 100 లీటర్ల ఆయిల్ పట్టే ట్యాంకు పెట్టండి. 60 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తుతో చేస్తే పైన గాలికి చోటు మిగిలి సరిపోతుంది. మధ్యలో అడ్డు రేకు వేసి, రిటర్న్ ఒక పక్క, సక్షన్ మరో పక్క ఉంచాలి. తిరిగొచ్చిన ఆయిల్ వెంటనే పంపులోకి పోకుండా, బుడగలు పైకి తేలి వేడి కొంత దిగేదాకా ట్యాంకులో తిరగాలి. రిటర్న్ పైపు కొస ఆయిల్ మట్టానికి కిందే ఉండాలి. పైనుంచి ధారగా పడితే నురగ వస్తుంది. ట్యాంకు పంపు కన్నా ఎత్తులో ఉంటే ఎంతో మంచిది.

మన ఎండలకు ఐఎస్ఓ వీజీ 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ సరైనది. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ కలపకండి. సక్షన్‌లో 100 మెష్ జాలీ, రిటర్న్‌లో 25 మైక్రాన్లు లేదా అంతకన్నా సన్నని ఫిల్టరు, ట్యాంకు మూతకు గాలి వడపోసే బ్రీదర్ ఉండాలి. బ్రీదర్ ఖరీదు చూసి వదిలేస్తారు గానీ, సిలిండర్లు సాగి ముడుచుకునే ప్రతిసారీ ట్యాంకు దుమ్ము గాలిని పీల్చి వదులుతూనే ఉంటుంది.

పైపుల సైజులు ఎలా తేల్చాలి?

39–40 లీటర్ల ధారకు సక్షన్ ఒకటింపావు అంగుళం, ప్రెజర్ అర అంగుళం, రిటర్న్ ఒక అంగుళం. సక్షన్ సన్నబడితే పంపు ఆయిల్ కోసం గుటకలు వేస్తుంది. అది ఒక మీటరు లోపు పొడవులో, తీగ చుట్ట ఉన్న సక్షన్ హోస్ అయి ఉండాలి, మామూలు రబ్బరు పైపు లోపలికి నొక్కుకుపోతుంది. ప్రెజర్ వైపు రెండు తీగల అల్లిక ఉన్న ఆర్2 హోస్ వాడండి.

రిటర్న్ అంత లావు ఎందుకంటే, సిలిండర్ ముడుచుకునేటప్పుడు పంపు ఇచ్చినదానికన్నా ఎక్కువ ఆయిల్ వెనక్కి వస్తుంది. 80 మి.మీ. బోరు, 45 మి.మీ. రాడ్ ఉన్న సిలిండర్ రాడ్ వైపు 40 లీటర్లు పంపితే అవతలి వైపు నుంచి 58 లీటర్లు వస్తాయి. రిటర్న్ ఫిల్టరు కూడా ఆ 58 లీటర్లకు సరిపోయేదే కొనాలి. 40 లీటర్ల ఫిల్టరు పెడితే వెనక ఒత్తిడి పెరిగి లివర్లున్న కంట్రోల్ వాల్వ్ సీళ్లు కారడం మొదలవుతుంది.

ఆయిల్ వేడెక్కుతోంది. కూలర్ పెట్టాలా?

రోజూ నాలుగైదు గంటలకు మించి తవ్వితే పెట్టాలి. పంపుకు వెళ్లే శక్తిలో సుమారు పాతిక శాతం వేడిగానే మారుతుంది. సగటున 6 కిలోవాట్ల పని జరుగుతుంటే ఒకటిన్నర కిలోవాట్ల వేడి. పైన చెప్పిన ట్యాంకుకు ఒకటిన్నర చదరపు మీటర్ల రేకు ఉంది. బయట 45 డిగ్రీలు, ఆయిల్ 70 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ రేకు బయటికి పంపేది అర కిలోవాటు లోపే. సిలిండర్లు, పైపులు ఇంకొంత పంపుతాయి. మిగిలిన వేడి ఆయిల్లోనే చేరుతుంది.

65 డిగ్రీల దాకా నిశ్చింతగా ఉండొచ్చు. 80 దాటితే ఆపి చల్లబడనివ్వాలి. ఆ వేడిలో ఆయిల్ పలచబడి పంపు లోపలే జారిపోతుంది, సీళ్లు గట్టిపడతాయి. ఫ్యాన్ ఉన్న కూలర్‌ను రిటర్న్ పైపు దారిలో పెట్టండి, ఎప్పుడూ ప్రెజర్ దారిలో పెట్టకండి.

ఒక మాట: కూలర్ కొనే ముందు, లివర్లన్నీ మధ్యలో ఉన్నప్పుడు ప్రెజర్ గేజి ఎంత చూపుతోందో చూడండి. 10–15 బార్ లోపు ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే ఆయిల్ ఎక్కడో ఇరుకులోంచి పోతోంది, వేడికి కారణం అదే.

ప్రెజర్ ఎంతకు సెట్ చేయాలి?

బ్యాక్‌హో తయారీదారు చెప్పినంతకే. ప్లేటు చెరిగిపోయి అంకె తెలియకపోతే 150 బార్ దాటకండి. మెయిన్ రిలీఫ్ (ప్రెజర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకులోకి వదిలే వాల్వ్) 150 అయితే, బూమ్, ఆర్మ్ పోర్టు రిలీఫులు (ఒక్కో సిలిండర్ దారికి విడిగా ఉండేవి) 175–180 దగ్గర ఉండాలి. పోర్టు రిలీఫులు మెయిన్ కన్నా తక్కువుంటే అవే ముందు తెరుచుకుని బలం రాదు. 0–250 బార్ గ్లిజరిన్ గేజి లేకుండా రిలీఫ్ స్క్రూ ముట్టుకోకండి. బలం చాలడంలేదని స్క్రూ తిప్పుకుంటూ పోవడం వల్లే పిన్నులు వంగుతాయి, బూమ్ వెల్డింగ్ విడుతుంది, చివరికి ఇంజన్ కూడా నొక్కుకుపోతుంది.

ట్రాక్టర్ హైడ్రాలిక్‌ను, ఈ పంపును కలిపి ఒకే వాల్వ్‌కు ఇస్తే వేగం పెరగదా?

పెరుగుతుంది, కానీ రెండు ట్యాంకుల ఆయిల్ కలిసి ఒకే రిటర్న్‌లో వస్తుంది. అది ఏదో ఒక ట్యాంకులోకే పోతుంది. రెండోది ఖాళీ అవుతుంది. ఖాళీ అయ్యేది గేర్ బాక్సు అయితే నష్టం చాలా పెద్దది. కలపకండి.

మొదటిసారి స్టార్ట్ చేసే క్రమం ఏమిటి?

1. కొత్త హోస్‌లన్నీ విప్పి డీజిల్‌తో కడిగి గాలి కొట్టండి. హోస్ కోసినప్పటి రబ్బరు పొడి, తీగ ముక్కలు పంపును మొదటి గంటలోనే గీసేస్తాయి. ట్యాంకు లోపలి వెల్డింగ్ పెళ్లలు కూడా దులపాలి.
2. ఆయిల్ పోసి, సక్షన్ వాల్వ్ తెరిచి, పంపు అవుట్‌లెట్ రంధ్రంలోంచి పంపు నిండా ఆయిల్ పోయండి.
3. మెయిన్ రిలీఫ్‌ను పూర్తిగా వదులు చేయండి.
4. డీజిల్ ఆపి, సెల్ఫ్‌తో ఐదారు సెకన్ల చొప్పున రెండుమూడు సార్లు తిప్పండి.
5. స్టార్ట్ చేసి తక్కువ వేగంలో ఉంచి రిటర్న్ వస్తోందో చూడండి. అర నిమిషంలో రాకపోతే ఆపేయండి, పొడి పంపు ఎక్కువసేపు బతకదు.
6. లోడు లేకుండా ఒక్కో సిలిండర్‌ను చివరిదాకా పోనివ్వకుండా పదిసార్లు నిదానంగా ఆడించండి. గాలి బయటికొస్తుంది. ట్యాంకు మట్టం తగ్గుతుంది, మళ్లీ పోయండి.
7. 1500 వేగానికి తెచ్చి, ఒక సిలిండర్‌ను చివర ఆపి పట్టుకుని గేజి చూస్తూ రిలీఫ్ బిగించండి. ఒక్కసారికి ఐదు సెకన్లకు మించి పట్టుకోకండి.
8. పది గంటల పని తర్వాత రిటర్న్ ఫిల్టరు మార్చండి. మొదటి ఫిల్టరులో చేరే చెత్త చూస్తే ఇది ఎందుకో అర్థమవుతుంది.

పంపు అరుస్తోంది. కారణం?

ఆయిల్ చూడండి. పాల రంగులో, నురగతో ఉంటే సక్షన్ జాయింటు ఎక్కడో గాలి పీలుస్తోంది. అక్కడ ఆయిల్ బయటికి కారదు, అందుకే కంటికి కనపడదు. జాయింట్ల మీద ఒక్కొక్కచోట ఆయిల్ పోస్తూ వెళ్లండి, ఎక్కడ పోసినప్పుడు అరుపు ఆగితే లోపం అక్కడే. ఆయిల్ తేటగా ఉండి కూడా అరుస్తుంటే జాలీ మూసుకుపోయింది, లేదా సక్షన్ పైపు సన్నది, లేదా తెల్లవారుజామున చలికి ఆయిల్ చిక్కగా ఉంది. చలికైతే ఐదు నిమిషాలు తక్కువ వేగంలో తిప్పితే పోతుంది.

ఉదయం బలంగా ఉంది, మధ్యాహ్నానికి బలం తగ్గుతోంది.

వేడెక్కి పలచబడిన ఆయిల్ అరిగిన సందుల్లోంచి జారుతోంది. అరిగింది పంపా, వాల్వా, సిలిండరా అన్నది తేల్చాలి. పంపు అవుట్‌లెట్ దగ్గర గేజి పెట్టి, ఆయిల్ వేడిగా ఉండగా ఒక్కో లివర్ చివరిదాకా లాగి చూడండి. అన్ని లివర్లకూ ప్రెజర్ తక్కువే వస్తే పంపో మెయిన్ రిలీఫో పోయినట్టు. ఒక్కదానికే తక్కువైతే ఆ సిలిండర్ సీళ్లు, లేదా ఆ పోర్టు రిలీఫు.

లివర్ వదిలినా బూమ్ మెల్లగా దిగుతోంది.

కొద్దిగా దిగడం లివర్లతో కదిలే స్పూల్ వాల్వుల స్వభావమే. ఐదు నిమిషాల్లో జానెడు దిగితే సిలిండర్ సీళ్లు చూడాలి. జాకీలు (తవ్వేటప్పుడు బండిని నేలకు ఆనించి నిలబెట్టే కాళ్లు) మాత్రం అస్సలు దిగకూడదు. జాకీ సిలిండర్ల మీదే లాక్ వాల్వులు ఉండాలి, అప్పుడు హోస్ తెగినా బండి ఒరగదు.

డీజిల్ ఎంత మిగులుతుంది?

20 హెచ్‌పీ ఇంజన్ సగటు లోడు మీద గంటకు సుమారు 2 లీటర్లు తాగుతుంది. 45 హెచ్‌పీ ట్రాక్టర్ పీటీఓ వేగంలో అదే పని చేస్తే సాధారణంగా 3 లీటర్లకు పైనే. తేడా ఉంది గానీ, దానికోసమే ఇంజన్, బెల్ హౌసింగ్, బ్యాటరీ, ఫ్రేము ఖర్చు పెట్టడం ఏడాదికి కొద్ది గంటలే పనిచేసే రైతుకు లాభం కాదు.

సెకండ్‌హ్యాండ్‌లో ఏవి కొనొచ్చు?

ఇంజన్, ట్యాంకు, సిలిండర్ గొట్టాలు బాగుంటే పాతవి కొనొచ్చు. సీళ్లు మాత్రం కొత్తవి వేయించండి. కంట్రోల్ వాల్వ్ పాతదైతే స్పూళ్ల మీద వేలిగోటికి తగిలే గీత కూడా ఉండకూడదు. పంపు, హోస్‌లు, రిలీఫ్ వాల్వ్ కొత్తవే కొనండి.

రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఇబ్బందులు వస్తాయా?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులను అదుపుచేస్తుంది. శాశ్వతంగా ఇంజన్, ఫ్రేము బిగిస్తే ముందే ఆర్టీఏ కార్యాలయంలో అడిగి, ఇన్సూరెన్సు వారికి రాతపూర్వకంగా తెలపండి. వ్యవసాయానికి రిజిస్టరైన ట్రాక్టర్‌తో అద్దె పనులు చేస్తే క్లెయిము దగ్గర ఇబ్బంది రావచ్చు.

ప్రాణాల మీదికి తెచ్చే విషయాలు ఏవి?

హోస్‌కు పడిన సన్నని రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని గుచ్చి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండదు. కొన్ని గంటల్లో ఆ వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి రావచ్చు. లీకును ఎప్పుడూ చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. గుచ్చుకుంటే కట్టు కట్టుకుని ఇంటికి వెళ్లకుండా నేరుగా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ప్రెజర్ ఆయిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి.

ఇంజన్ ఆపే తీగ తవ్వే సీటు దగ్గర చేతికి అందాలి. ఇంజన్ ముందు బంపర్ దగ్గరుంటే ఇది మరీ అవసరం. కప్లింగుకు, బెల్టులకు జాలీ మూత ఉండాలి, పంచె, తువ్వాలు కొసలు అందులో పడితే మనిషిని లాగేస్తాయి. పొలంలో 11 కేవీ తీగల కింద బూమ్ లేపకండి. హోస్ విప్పే ముందు ఇంజన్ ఆపి, బకెట్ నేలకు దించి, లివర్లన్నీ అటూ ఇటూ ఆడించి లోపలి ప్రెజర్ వదిలేయండి. బూమ్ గాల్లో ఉండగా దాని కిందకు వెళ్లి ఏ నట్టూ విప్పకూడదు.

ఎన్ని గంటలకు ఏం చూడాలి?

పిన్నులకు, బుష్‌లకు రోజూ పని మొదలుపెట్టేముందు గ్రీజు. ఇంజన్ ఎయిర్ ఫిల్టరు దుమ్ము కాలంలో రోజూ. కప్లింగ్ రబ్బరు, బెల్ హౌసింగ్ బోల్టులు 50 గంటలకు. రిటర్న్ ఫిల్టరు మొదటి మార్పు తర్వాత 250 గంటలకు. హైడ్రాలిక్ ఆయిల్ 1000 గంటలకు, లేదా అంతకుముందే నల్లబడినా, మాడిన వాసన వచ్చినా, వానలో నీళ్లు చేరి తెల్లబడినా. సబ్‌ఫ్రేము బోల్టులు మొదటి వారం రోజూ, ఆ తర్వాత ప్రతి 50 గంటలకు టార్క్ రెంచితో బిగించి చూసుకోండి.